అందని కమ్మీ

క్రోంపేట, మద్రాసు
19 జూన్ 1983

అన్న కొండలయ్యకు,

చెల్లెలు పెంచలమ్మ నమస్కారాలు. మేమిద్దరం బాగున్నాం. నువ్వూ వదినా బాగున్నారనే నమ్మకంతో క్షేమసమాచారాలు ఇంతటితో ముగించి అసలు సంగతికి వస్తున్నాను.

ఉద్యోగంలో చేరాను. బీచి స్టేషను పక్క సందులో ఓడల సరుకు చూసే కంపెనీ, టైపు పని. ఆరు నెలలు చూసి పర్మినెంటు చేస్తామన్నారు. అప్పటిదాకా ఆలస్యంగా పోకూడదు, సెలవు పెట్టకూడదు. అంటే నా ఉద్యోగం సగం మేనేజరు చేతిలో ఉంది, సగం నేనెక్కే కరెంటు రైలుబండి చేతిలో ఉంది.

ఆ బండి గురించి నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను? నువ్వు కామయ్య బస్సుకి డ్రైవరువి, బండి మంచీ చెడ్డా తెలిసినవాడివి. ముందు మంచి చెప్తాను. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకి మీ బస్సులో వచ్చేసరికి మనిషి రంగే మారిపోతుంది. ఇక్కడ చీర నలుగుతుందేగానీ మట్టి అంటదు. మేకలు ఎక్కవు. డ్రైవరు టీ తాగొచ్చేదాకా ఎండలో ఉడకాల్సిన పని లేదు. ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంది.

ఇక చెడ్డ. ఈ బండి చేసిన మహానుభావుడు తన భార్యను ఒక్కరోజైనా అందులో ఎక్కించి ఉండడు. నిలబడేవాళ్ళు పట్టుకోవడానికి పైన కమ్మీకి పిడులు వేలాడదీశాడు. అవి ఎవరికి అందాలి? నేను మునివేళ్ళ మీద లేస్తే వేళ్ళ కొసలు తగులుతాయి. ఆడవాళ్ళ పెట్టెలో కూడా మగవాళ్ళ ఎత్తుకే కట్టాడు! సీట్లు ఎదురెదురుగా వేశాడు, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించలేదు. ఎదురుగా లావుపాటావిడ కూర్చుంటే గిండీ వచ్చేదాకా ఇద్దరం మోకాళ్ళతో కుస్తీ పడుతుంటాం. వాకిళ్ళకి తలుపులు ఉన్నాయి, మూసిన పాపాన ఎవరూ పోలేదు. వాన వస్తే వాకిట్లో వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

రోజూ పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆ మహానుభావుణ్ణి తిట్టుకుంటాను. ఆఫీసు అలసట అంతా పోతుంది. ఆయనకి అంబత్తూరు ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది, మీ అందరినీ అడిగానని రాయమన్నారు. వదినకి నా ముద్దులు. నీకేమీ లేదు, బస్సు మెల్లగా తోలు.

నీ చెల్లెలు,
పెంచలమ్మ

*

ఆత్మకూరు
28 జూన్ 1983

చిరంజీవి పెంచలమ్మకు అన్న కొండలయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివినాక నాకు అన్నం సహించలేదు. నువ్వు ఎన్ని నవ్వులు కలిపి రాసినా లోపలి సంగతి నాకు తెలియకపోదు. పిడి అందదు, మోకాళ్ళు కొట్టుకుంటాయి, వాన కొడుతుంది, వాకిలి మూయరు. నాయన పోయేటప్పుడు నిన్ను నా చేతిలో పెట్టి పోయింది ఇందుకా? వెంకటరమణయ్య బావ సంపాదన మీ ఇద్దరికీ చాలదా? ఆ మాట అతన్ని అడుగుతూ వేరే కార్డు రాశాను.

మా బస్సుని ఎగతాళి చేశావు, చెయ్యి. మట్టి ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మా దగ్గర మర్యాద ఉంది. ఆత్మకూరు స్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు వేసినవాడిదే. వాడు నింపాదిగా బీడీ ఆర్పేసి ఎక్కుతాడు. తహసీల్దారు వచ్చినా ఆ తువ్వాలు ముట్టుకోడు. మీ మద్రాసులో తువ్వాలుకి ఆ విలువ ఉందా? పిల్లను ఎత్తుకుని ఎవరైనా ఎక్కితే నేనే అద్దంలో చూసి, లెయ్ రా అని ఒకణ్ణి కేకేస్తాను. మీ కరెంటు బండి డ్రైవరు కేకేస్తాడా?

అసలు మాట విను. మా కామయ్య ఉదయగిరిలో లారీ ఆఫీసు తెరుస్తున్నాడు. టైపు తెలిసిన మనిషి కావాలంటున్నాడు. నువ్వు మా ఇంట్లోనే ఉండి పొద్దున నా బస్సులో పోయి సాయంత్రం నా బస్సులో రావచ్చు. నీకు సీటు నేను చూస్తాను. బావ ఒక ఏడాది హోటల్లో తింటాడు, తర్వాత అతనికీ ఇక్కడ ఏదో ఒకటి చూద్దాం.

మీ వదిన నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆ ఆడవాళ్ళ పెట్టెలో అందరూ ఉద్యోగాలకి పోయేవాళ్ళేనా అని అడగమంది. అడగాల్సినంత సంగతి కాదన్నాను. అయినా రాస్తున్నాను.

ఆలోచించుకో. ఆలోచించేదేముంది, వచ్చెయ్.

నీ మేలు కోరే
అన్న

*

క్రోంపేట
10 జూలై 1983

అన్నకు,

నేను ఏడ్చానని నీకెవరు చెప్పారు? నా ఉత్తరంలో ఏ అక్షరం తడిసింది? పదేళ్ళుగా నువ్వు ఆ బస్సు క్లచ్చిని తిడుతున్నావు. నిన్ను ఎవరైనా వచ్చి, పాపం కొండలయ్య ఏడుస్తున్నాడు, ఇంట్లో కూర్చోబెట్టండి అన్నారా? నువ్వు తిడితే పనివాడివి, నేను తిడితే పాపమా? తిట్టడం వేరు, ఏడవడం వేరు. తిట్టేవాళ్ళు రేపు కూడా వస్తారు.

నీ కార్డు చూసి ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మనం అంబత్తూరు వైపు ఇల్లు మారితే నీకు ఈ బాధ తప్పుతుందేమో అన్నారు. సరే, అదీ చూద్దామని ఆదివారం అటు పోయే, వెడల్పు పట్టాల మీద నడిచే పెద్ద గేజీ కరెంటు బండి ఎక్కాను. చెప్తాను విను, రెండూ ఎక్కిన మనిషిగా చెప్తున్నాను. పెద్ద బండి విశాలంగానే ఉంది. మోకాళ్ళకి చోటుంది, గాలి వస్తుంది. కానీ నడుమ ఖాళీ ఎక్కువ. పిడి అందని మనిషికి ఆ ఖాళీయే శత్రువు. బండి ఊగితే ఈ పక్క నుంచి ఆ పక్కకి పోయి పడాలి. మా చిన్న బండిలో పడదామన్నా చోటుండదు, జనమే గోడలాగా నిలబెడతారు. పైగా పెద్ద బండి మెట్టు ఎత్తు. చీర మోకాలిదాకా ఎత్తి పట్టుకుంటేగానీ ఎక్కలేం. అదీ ఆ మహానుభావుడి చుట్టమే చేసి ఉంటాడు. అందుకని ఇల్లు మారడం లేదు.

ఇంకో సంగతి. మా పెట్టెలో రోజూ ఎక్కేవాళ్ళం అందరం కలిసి రైలాఫీసుకి ఒక అర్జీ పెట్టాం, పిడులు ఒక జానెడు దించమని. రాసింది నేను. సంతకాలు పెట్టించింది సెల్వి అని పల్లావరం అమ్మాయి, నర్సు. మొన్న మాంబళం దగ్గర బండి ఆగిన ఊపుకి నేను జారితే నా జబ్బ పట్టి లేపింది ఆ అమ్మాయే. మణికట్టు కొంచెం బెణికింది, అంతే. ఎడం చెయ్యి. టైపుకి అడ్డం రాలేదు.

కామయ్య ఉద్యోగం నాకు వద్దు. నా తరఫున ఎవరికీ మాట ఇవ్వొద్దు.

వదిన అడిగినదానికి జవాబు: అవును, ముప్పాతిక మంది ఉద్యోగాలకి పోయేవాళ్ళే. నర్సులు, టీచర్లు, టెలిఫోను వాళ్ళు, చీరల కొట్లో పనిచేసేవాళ్ళు. అది అడగాల్సినంత సంగతే అని వదినకి చెప్పు.

పెంచలమ్మ

*

(కార్డు)

ఆత్మకూరు
18 జూలై 1983

పెంచలమ్మకు,

రైల్లో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావని అర్థమైంది. బెణికింది అని రాస్తే నమ్మేవాణ్ణి కాను. లీవు పెట్టాను. గురువారానికి అక్కడుంటాను. పెట్టె సర్దుకో. కామయ్యకు మాట ఇచ్చేశాను.

కొండలయ్య

*

క్రోంపేట
1 ఆగస్టు 1983

అన్నకు,

నువ్వు కోపంగా పోయి వారం దాటింది. చేరినట్టు ఒక కార్డు ముక్కైనా లేదు. కోపం నీ ఒక్కడికే ఉండేదా? నాకూ ఉంది. జరిగింది నువ్వు వదినకి ఎలా చెప్పి ఉంటావో నాకు తెలుసు కాబట్టి నా వైపు నుంచి రాస్తున్నాను. ఈ ఉత్తరం వదిన చేతికి ఇవ్వు.

శుక్రవారం పొద్దున నువ్వు మా ఆఫీసుకి వస్తానన్నావు. మేనేజరుతో మాట్లాడి నన్ను విడిపిస్తానని నాకు చెప్పలేదు, ఆఫీసు చూస్తానన్నావు. సరే అన్నాను. చెయ్యి విరగలేదని కళ్ళారా చూశావు కదా, కుదుటపడ్డావనుకున్నాను. క్రోంపేట ప్లాట్‌ఫారం మీద జనాన్ని చూసి నీ ముఖం మారింది. బండి వస్తోంది. ఇంకా ఆగలేదు. నువ్వు భుజం మీద కొత్త తువ్వాలు తీసి ఆడవాళ్ళ పెట్టె కిటికీ ఊచల్లోంచి లోపలికి విసిరేశావు! విసిరి ఊరుకున్నావా, నా చేతిలో సంచి లాక్కుని అదీ ఊచల సందులోంచి సీటు మీదకి తోశావు. ఆ సంచిలో నా సీజను టికెట్టు ఉందన్నా. నీ టికెట్టు కూడా అందులోనే వేశాను.

నేను ఎక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపావు. "నిదానంగా ఎక్కుదువులే, సీటు ఏసేసినాను గదా. దిగేవాళ్ళను దిగనీ" అన్నావు. నువ్వు అంత దర్జాగా నిలబడ్డం నేను ఆత్మకూరు స్టాండులో చూశాను. ఇది ఆత్మకూరు కాదు. బండి నువ్వు బీడీ ఆర్పేదాకా ఆగదు. కూత కూసి పోయింది. నీ తువ్వాలు కూర్చుని పోయింది, మనం నిలబడి చూశాం. "ఏందిది, మనిషి ఎక్కకుండా తోలతాడా!" అని నువ్వు ప్లాట్‌ఫారం అంతా వినపడేట్టు అరిచావు. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి బండిలో టికెట్టు లేకుండా పోయి బీచిలో పట్టుబడ్డాం. టీసీ గదిలో నువ్వు అతనికి తువ్వాలు మర్యాద గురించి తెలుగులో ఉపన్యాసం ఇచ్చావు. అతను అరవాయన. సెల్వి సంచి తీసుకుని గేటు దగ్గర వెతుక్కుంటూ రాకపోతే మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేవాళ్ళం. తువ్వాలు ఏమైందో ఆ అమ్మాయికీ తెలియదు.

ఆఫీసుకి అంత ఆలస్యంగా పోతే మేనేజరు ఏం చేస్తాడు? ఆరు నెలల్ని తొమ్మిది చేశాడు. మళ్ళీ ఒక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదన్నాడు. నాకు పిడి అందకపోవడం వల్ల ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదన్నా. నువ్వు చెయ్యి పట్టుకోవడం వల్ల అయింది.

సాయంత్రం ఆయనతో "బావా, రేపు పొద్దున చెల్లెల్ని పంపించు" అన్నావు. ఆయన "మీ ఇష్టం" అన్నారు. ఇద్దరూ ఒకరి ఇష్టం ఒకరు అడుక్కున్నారు. నా ఇష్టం అడిగేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేకపోతే నేనే చెప్పుకున్నాను, రానని. అందుకు నువ్వు విస్తరి ముందు నుంచి లేచిపోయావు. చేపల పులుసు నీకోసం చేసింది. మర్నాడు కూడా మేమే తిన్నాం. బాగా కుదిరింది.

ఆయన ఇప్పుడు నాతో స్టేషను దాకా వస్తున్నారు. చెయ్యి మాత్రం పట్టుకోరు.

పెంచలమ్మ

*

ఆత్మకూరు
12 ఆగస్టు 1983

పెంచలమ్మకు,

చిరంజీవి అని రాయబుద్ధి కాలేదు గానీ, చిరంజీవిగానే ఉండు.

నన్ను అరవాళ్ళ ముందు దోషిలాగా నిలబెట్టావు. బావ ముందు తల కొట్టేసినంత పని చేశావు. పోనీ. ఉదయగిరిలో కామయ్య ముందు నేనేం ముఖం పెట్టుకుని నిలబడేది? మా చెల్లెలు వస్తుందని పదిమందిలో చెప్పాను. కుర్చీ, బల్ల, టైపు మిషను తెప్పించి పెట్టాడు. రోజూ బస్సు దిగితే అడుగుతున్నాడు, "ఏందిరా, మీ చెల్లెలు యాడుండాది?" అని. ఆడిన మాట కోసం నిలబడే ఇంట్లో పుట్టావు నువ్వు.

ఇక నేను రాయను. నువ్వూ రాయొద్దు. కష్టం వచ్చినప్పుడు మాత్రం దాచకు.

ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను. ఆ బండిలో అసలు తప్పు నువ్వు రాసినవి ఏవీ కావు. పిడులు కాదు, సీట్లు కాదు. ఆ డ్రైవరుకి అద్దం లేదు. వెనక ఎవరు ఎక్కారో, ఎవరు పడ్డారో చూడకుండా ముందుకు చూస్తూ పోతాడు. వెనక చూసుకోని బండి ఎంత పెద్దదైతే ఏం? నా బస్సులో అద్దంలో నాకు ప్రతి ముఖం కనిపిస్తుంది.

మీ వదిన నీ ఉత్తరం తన దగ్గరే పెట్టుకుంది. నాకు తిరిగి ఇవ్వలేదు.

కొండలయ్య

*

క్రోంపేట
6 నవంబరు 1983

అన్నకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకపోతే వదిన చదువుతుంది.

అద్దం సంగతి మా పెట్టెలో చెప్పాను. వెనక గార్డు ఉంటాడు, అతను చూసి జెండా ఊపుతాడు అని సెల్వి అంది. కానీ గార్డు చూసేది వాకిళ్ళని, లోపల నిలబడ్డవాళ్ళని కాదు. కాబట్టి నీ మాట సగం ఒప్పు. ఇంత కోపంలోనూ నీకు బండి గురించే ఆలోచన వచ్చిందని నాకు చాలా సంతోషమైంది. ఏడ్చాను కూడా. ఇది మాత్రం నిజంగానే ఏడుపు.

అర్జీకి జవాబు వచ్చింది. అచ్చు వేసిన కాగితం, పేరు దగ్గర మాత్రం పెన్నుతో రాశారు. విషయం పరిశీలనలో ఉందట. దాన్ని పెట్టెలో అందరికీ చదివి వినిపించాను. సెల్వి అడిగింది, పరిశీలించేవాళ్ళు ఎంత ఎత్తుంటారు అని.

ఇక మేం ఆగలేదు. పాత చీరల అంచులు చించి జడల్లాగా అల్లాం. పొద్దున ఎక్కగానే ఎత్తున్న అమ్మాయి ఒకతి సీటెక్కి ఆ జడల్ని కమ్మీకి ముడేస్తుంది, కింద ఉచ్చు మా చేతికి అందేట్టు. బండి మీద వాన చినుకులు పడుతుంటే లోపల రంగురంగుల అంచులు వేలాడుతుంటాయి. మొదటి వారం ఎవరో కత్తిరించేశారు. మళ్ళీ కట్టాం. మళ్ళీ తీసేశారు, మళ్ళీ కట్టాం. ఒక పెద్దాయన ఖాకీ బట్టల్లో వచ్చి, ఇది రూలు కాదమ్మా అన్నాడు. పడిపోవడం రూలా అని మా పెట్టె మొత్తం ఒకేసారి అడిగింది. దిగిపోయాడు.

నేను ఆలస్యంగా పోలేదు. ఒక్కరోజు కూడా. వాన నీళ్ళు పట్టాల మీదకి వచ్చిన రోజు పల్లావరం దాకా నడిచి పోయి బండి పట్టుకున్నాను. పర్మినెంటు సంగతి మార్చి ఒకటిన తేలుతుంది.

వదినైనా రాస్తుందేమోనని చూశాను, రాయలేదు. పోనీ నువ్వైనా రాయి. నన్ను తిడుతూనైనా రాయి.

పెంచలమ్మ

*

ఆత్మకూరు
12 ఫిబ్రవరి 1984

చిరంజీవి పెంచలమ్మకు అన్న కొండలయ్య దీవెనలు.

ఇక్కడ ఒకటి జరిగింది. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను, రాజీకి వచ్చాననుకోవద్దు.

కామయ్య మిషను ఊరికే పడి ఉండడం చూడలేక, మాట పోయిందని ఇంట్లో నేను గొణుగుతుంటే, డిసెంబరులో ఒకరోజు మీ వదిన, "మీ మాట నేను నిలబెడతా. నాకు టైపు వచ్చు" అంది. నువ్వు పెళ్ళికి ముందు ఇన్‌స్టిట్యూట్‌కి పోయేటప్పుడు ఆడపిల్ల ఒంటరిగా ఎందుకని మీ వదినను తోడు పంపేవాణ్ణి కదా. ఊరికే కూర్చోలేక పక్క మిషను మీద ఆమె కూడా నేర్చుకుందట. ఇద్దరూ ఒక్కమాట నాకు చెప్పలేదు! వద్దందామంటే నేనే పదిమందిలో చెప్పిన ఉద్యోగం. మీ చెల్లెలికి పనికొచ్చింది నీ పెండ్లానికి ఎందుకు పనికిరాదు అని కామయ్యే అడిగాడు. సంక్రాంతి పోయాక చేరింది.

రోజూ నా బస్సులోనే పోతుంది. సీటు వేస్తానంటే వద్దంది. డ్రైవరు పెళ్ళానికి ఊరికే సీటని ఎవరూ అనకూడదట. కండక్టరు దగ్గర టికెట్టు కొంటుంది. నా వైపు చూడదు, తెలియని మనిషిలాగా నిలబడుతుంది. నిలబడితే పై కమ్మీ అందదు. ఇన్నేళ్ళు ఆ బస్సు తోలాను, ఆ కమ్మీ ఎత్తు నాకు తెలియదు. నేను ఎప్పుడూ కూర్చునే ఉంటాను.

మొన్న మంగళవారం ఉదయగిరి పొలిమేరలో గేదెలు అడ్డం వస్తే బ్రేకు వేశాను. అద్దంలో చూస్తున్నాను. మీ వదిన వచ్చి గేరు బాక్సు దగ్గర పడింది. పక్కన జైతూన్‌బీ కూడా పడింది. ఉదయగిరి ఆమె, కొయ్య గరిటెలు మోసుకుని ఆత్మకూరు సంతకి వస్తుంటుంది. గరిటెలన్నీ బస్సంతా దొర్లాయి. కుర్రాళ్ళు నవ్వారు. మీ వదిన మోచెయ్యి కొట్టుకుపోయింది. లేచి, గరిటెలు ఏరి జైతూన్‌బీకి ఇచ్చి, మళ్ళీ అదే చోట నిలబడింది. ఇంటికొచ్చాక ఇక మానెయ్ అన్నాను. "అద్దంలో చూసినారు గదా. చూసి ఏం చేసినారు?" అంది.

కామయ్యను అడిగాను, కింద ఇంకో కమ్మీ వేయిద్దామని. "ఆడోళ్ళు నిలబడేదానికా నేను బస్సు పెట్టింది? కూసోని పోండి, లేకుంటే ఇంట్లో ఉండండి" అన్నాడు. ఒక అర్జీ ఇవ్వాలి. నాకు పద్ధతి తెలియదు. నువ్వు రైలాఫీసుకి రాసినట్టే గట్టిగా ఒకటి రాసి పంపు. నేను సంతకం పెట్టి ఇస్తాను.

అన్న

*

క్రోంపేట
4 మార్చి 1984

అన్నకు,

ఒకటో తారీఖున నన్ను పర్మినెంటు చేశారు. ఇది మొదట చెప్పాలి, చెప్పేశాను. ఆయన స్వీట్లు తెచ్చి వాడకట్టంతా పంచారు. మేనేజరు మాత్రం నా ముఖం చూడకుండా కాగితం ఇచ్చాడు. నేను అతని ముఖం చూస్తూనే తీసుకున్నాను.

వదిన సంగతి చదివి ఎగిరి గంతేశాను. ఇన్‌స్టిట్యూట్ దొంగతనం నిజమే. వదిన వేళ్ళు నాకంటే చురుకు. నీకు చెబితే తోడు మాన్పిస్తావని చెప్పలేదు.

అర్జీ మాత్రం రాయను. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకో. నా మణికట్టు బెణికితే నువ్వు నన్ను బండి దింపడానికి వచ్చావు. వదిన మోచెయ్యి కొట్టుకుపోతే మానెయ్యమన్నావు. ఆమె మానకపోతేనే కదా నీకు కమ్మీ గుర్తొచ్చింది? ఇప్పుడు కూడా రాసేది నేను, సంతకం పెట్టేది నువ్వు. మరి పడినవాళ్ళు ఏరి? ఆ కాగితంలో వాళ్ళెక్కడ? వదినకి మిషనుంది, కాగితముంది, పదేళ్ళు నీతో కాపురం చేసిన ఓర్పుంది. ఆమెను రాయనీ. జైతూన్‌బీని వేలిముద్ర వెయ్యనీ. నువ్వు పక్కన నిలబడు, చాలు. అది నువ్వు అనుకుంటున్నదాని కంటే కష్టం.

మా బండికి పిడులు ఇంకా దిగలేదు. చీర అంచులు ఇంకా వేలాడుతున్నాయి. పొద్దున్నే పోతున్నాను.

నీ చెల్లెలు,
పెంచలమ్మ

*

ఉదయగిరి
20 మార్చి 1984

మరదలు పెంచలమ్మకు,

ఇన్నాళ్ళూ మీ అన్న ఉత్తరాల అడుగున "మీ వదిన అడిగింది" అనే ముక్కలో ఉండేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో, నాకు మాత్రం చెప్పకు.

అర్జీ నేనే టైపు కొట్టాను. కామయ్య కాగితం మీద, కామయ్య మిషను మీద. రోజూ బస్సెక్కే ఆడవాళ్ళందరి చేత సంతకాలు, వేలిముద్రలు వేయించాను. కామయ్యకి ఇస్తే, "నా ఇంకుతోనే నా మీద రాస్తావా?" అని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపాడు. ఆ రోజంతా ఆ బల్ల మీదే పని చేశాను. ఊగలేదు.

నిన్న సాయంత్రం ఆత్మకూరు ట్రిప్పుకి మేం ఎవరం ఎక్కలేదు. బస్సు ముందు నిలబడ్డాం. జైతూన్‌బీ గరిటెల మూట నేల మీద పెట్టి దాని మీద కూర్చుంది. మగవాళ్ళు లోపల సీట్లలో కూర్చుని కసురుకుంటున్నారు. మీ అన్న స్టీరింగు దగ్గర ఉన్నాడు. నా వైపు చూశాడు. నేను చూడలేదు, నాకు భయం వేసింది. ఆయన హారను కొడతాడేమో అనుకున్నాను. ఇంజను ఆగిపోయింది.

కామయ్య ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏందిరా కొండలయ్యా, ఆపినావు? బండి తియ్!"

"తియ్యనయ్యా."

"నీ పెండ్లాం చెప్తే వింటావా?"

"పడింది ఆమె. ఆమె గాక ఎవరు చెప్పాల?"

"నీకు ఉద్యోగం ఉండాదా లేదా రేపటికి?"

"లేకుంటే లేదు. కమ్మీ ఏస్తేనే తీస్తా."

తాళం చొక్కా జేబులో వేసుకుని దిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు. పెంచలా, పెళ్ళి పీటల మీద తప్ప మీ అన్న పదిమందిలో నా పక్కన నిలబడ్డం నేను చూడలేదు. నాకు గర్వంతో కళ్ళు తిరిగాయి.

రేపటి నుంచి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావద్దని కామయ్య అరిచి పోయాడు. రాత్రి జైతూన్‌బీ ఇంట్లోనే ఉన్నాం. రొట్టెలు చేసి పెట్టింది. ఈ పొద్దున కావలి నుంచి ఇంకో డ్రైవరును పిలిపించారు, మారు తాళం ఇచ్చారు. అతను వచ్చి మమ్మల్ని చూశాడు, బస్సును చూశాడు. మీ అన్నతో ఏదో మాట్లాడి, పక్కన టీ కొట్టులో పోయి కూర్చున్నాడు. పొద్దున ట్రిప్పుకని ఎక్కి కూర్చున్న మగవాళ్ళు కూడా ఒక్కొక్కరు దిగి, వెయ్యవయ్యా ఒక కమ్మీ, పని చూసుకోవాల అని ఇప్పుడు కామయ్యనే కసురుకుంటున్నారు.

జైతూన్‌బీ వాకిట్లో కూర్చుని ఇది రాస్తుంటే కామయ్య మనిషి వచ్చాడు. కొండలయ్యను మాట్లాడేదానికి రమ్మన్నారని. మీ అన్న కదల్లేదు. "నన్నెందుకు? అర్జీ రాసినామె ఈడుండాది. ఆమెను పిలవమను" అని తిప్పి పంపాడు.

ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. నన్ను రమ్మన్నారట.

పోతున్నాను.

సుబ్బరత్నమ్మ